వింత బండి, కొత్త చేతులు

అమెరికాలో నగర శివార్లలో కాపురముండే తెలుగువాళ్ల ఇళ్లలో, పిల్లలకి పదహారు నిండుతుందనగానే కొత్త తగువొకటి మొదలవుతుంది. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో సిటీబస్సుని నమ్ముకుని బతకలేం. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే టెన్నిస్‌కీ, సంగీతం క్లాసుకీ దింపేవాళ్లుండరు. టెక్సస్‌లో పదహారుకే షరతులతో లైసెన్సు ఇస్తారు, న్యూజెర్సీలో పదిహేడుకి. అందుకని కారు కొనడం ఖాయం, ఏ కారన్న దగ్గరే పేచీ. తండ్రి మనసులో పాత క్యామ్రీయో కరోలాయో ఉంటుంది. పిల్లవాడి మనసులో స్కూలు పార్కింగ్‌లో ఇంకెవరికీ లేని బండి ఉంటుంది: డబ్బాలాంటి హోండా ఎలిమెంట్, తెల్ల టోపీ పెట్టుకున్నట్టుండే టొయోటా ఎఫ్‌జే క్రూజర్, మోటుగా నిలబడే నిస్సాన్ ఎక్స్‌టెర్రా, పిచ్చి మరీ ముదిరితే ఇసుజు వెహిక్రాస్. అన్నీ అమెరికాలో ఎప్పుడో అమ్మడం మానేసినవే, అన్నీ ఎస్‌యూవీలే.

తండ్రులు వద్దనడానికి రెండు కారణాలు చెబుతారు. ఎత్తు బండి పల్టీ కొడుతుందన్నది ఒకటి. తయారీ ఆగిపోయిన బండికి విడిభాగాలు దొరకవన్నది రెండోది. ఒకప్పుడు రెండూ నిజమే. మొదటిదానికి గత ముప్పయ్యేళ్లలో మంచి విరుగుడే దొరికింది, కానీ అది ఏ బండిలో ఉందో ఏ బండిలో లేదో బయటి నుంచి చూస్తే తెలియదు. ఒకే పేరుతో, ఒకే ఆకారంతో ఉన్న రెండు బండ్లలో ఒకదానికి అది ఉంటుంది, రెండేళ్లు పాతదైన ఇంకోదానికి ఉండదు. సెకండ్‌హ్యాండ్ ఎస్‌యూవీ బేరంలో అసలు కిటుకంతా తయారైన సంవత్సరంలోనే ఉంది. అదెలాగో అర్థం కావాలంటే ముందు మన జిప్సీ దగ్గరికి వెళ్లాలి.

మన పోలీసులూ సైన్యమూ దశాబ్దాలపాటు నడిపిన మారుతి జిప్సీ 1985 చివర్లో వచ్చింది. ఇంచుమించు అదే సమయంలో దాని పొట్టి తోబుట్టువు సుజుకి సమురాయ్ పేరుతో అమెరికాలో దిగింది. చవకగా, ముచ్చటగా ఉండేది, టాపు తీసేసి తిరగొచ్చు. కుర్రకారు ఎగబడి కొన్నారు. 1988లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక దాన్ని తన మైదానంలో ఉన్నపళంగా అటూ ఇటూ తిప్పి చూసింది. చక్రాలు గాల్లోకి లేచాయి. ఈ బండి కొనదగింది కాదని పత్రిక తేల్చేసింది. కావాలనే అలా నడిపారని సుజుకి 1996లో కోర్టుకెక్కింది, 2004లో ఇద్దరూ రాజీపడ్డారు. అప్పటికి అమెరికాలో సమురాయ్ అమ్మకం ఆగిపోయి దాదాపు పదేళ్లయింది.

తప్పెవరిదన్న వాదన అలా ఉంచితే, బండి ఎందుకు ఒరుగుతుందో చెప్పే లెక్క హైస్కూలు స్థాయిదే. మలుపులో రోడ్డు టైర్లని లోపలి వైపుకి నెడుతుంది. ఆ బలం పనిచేసేది నేల మట్టంలో. బండి బరువు కేంద్రీకరించినట్టు పనిచేసే చోటు, అంటే గురుత్వ కేంద్రం, నేలకి రెండడుగుల పైన ఎక్కడో ఉంటుంది. టైర్లు లోపలికి, పై భాగం బయటికి పోవాలని చూడటంతో బండి బయటి చక్రాల మీదికి ఒరగబోతుంది. దాన్ని తిరిగి కూర్చోబెట్టేది సొంత బరువే. చక్రాల మధ్య వెడల్పు ఎంత ఎక్కువైతే ఆ బరువుకి అంత బలం, గురుత్వ కేంద్రం ఎంత ఎత్తులో ఉంటే ఒరిగించే శక్తికి అంత బలం. కాబట్టి చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే బండి నిలకడ ఎంతో ఒక్క అంకెలో తెలిసిపోతుంది. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001 మోడళ్ల నుంచీ ఈ అంకె ఆధారంగానే బోల్తా ముప్పుకి నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు కార్లకి ఆ అంకె 1.3 నుంచి 1.5 దాకా ఉంటుంది. ఎస్‌యూవీలకి 1 నుంచి 1.3 దాకా.

ఆ అంకెకి నేరుగా అర్థముంది. 1.1 అంటే, భూమి కిందికి లాగే బలానికి 1.1 రెట్లు పక్కకి లాగితే తప్ప లోపలి చక్రాలు లేవవని. ముప్పయి మీటర్ల వ్యాసార్థమున్న మలుపుని గంటకి 30 మైళ్లతో తిరిగితే పక్కబలం 0.6 రెట్లుంటుంది. 40 మైళ్లతో తిరిగితే 1.1 అవుతుంది. స్పీడోమీటరు ముల్లు కొంచెమే జరిగింది, బలం మాత్రం రెట్టింపుకి దగ్గరపడింది. పక్కబలం వేగం వర్గంతో పెరుగుతుందని ఫిజిక్సులో చదివిన సంగతి పదహారేళ్లవాడికి పరీక్షలో గుర్తుంటుంది, మలుపులో గుర్తుండదు.

ఇక్కడొక తిరకాసుంది. పొడి తారురోడ్డు మీద మామూలు టైరు పట్టు 0.8 దగ్గర ఉంటుంది. అంటే పక్కబలం 1.1కి చేరకముందే టైర్లు జారిపోవాలి. జారే బండి పల్టీ కొట్టదు. మరి బోల్తాలెలా పడుతున్నాయి? ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పేదేమంటే, ఇంకో వాహనం ప్రమేయం లేకుండా జరిగే బోల్తాల్లో వందకి 95 ఏదో ఒకటి కాలికి అడ్డం పడినట్టు తగలడం వల్లే జరుగుతాయి. పక్కకి జారుతున్న బండి చక్రం ఫుట్‌పాత్ అంచుకి తగులుతుంది, లేదా రోడ్డు పక్క మెత్తటి మట్టిలో దిగబడుతుంది. కింద ఆగిపోతుంది, పైన ఆగదు. మన ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే సుమోల వెనక పెద్ద ఏర్పాటే ఉంటుంది. నిజం రోడ్డు మీద జానెడు ఎత్తు గట్టు చాలు.

వెడల్పు విలువ తెలిసే కాబోలు, మారుతి 1993లో జిప్సీ చక్రాల మధ్య దూరాన్ని 90 మిల్లీమీటర్లు పెంచింది. 1,210 ఉన్నది 1,300 అయింది. ఎత్తు అంతే ఉందనుకుంటే నిలకడ అంకె ఏడు శాతం పెరిగినట్టు. నాలుగు వేళ్ల వెడల్పుతో ఇంత తేడా వస్తే, టాపు మీద పెట్టెలు కట్టి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెడితే ఎంత పోతుందో ఆలోచించండి. సామాను ఎక్కిన కొద్దీ గురుత్వ కేంద్రమూ పైకెక్కుతుంది.

కొత్త డ్రైవరు ఎక్కడ దెబ్బతింటాడో ఇప్పుడు చూద్దాం. రెండు వరుసల కౌంటీ రోడ్డు, రాత్రి. కుడి చక్రాలు తారు దిగి కంకరలో పడతాయి. అనుభవమున్నవాళ్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బండి నెమ్మదించాక మెల్లగా తారు ఎక్కిస్తారు. కొత్తవాడు ఉలిక్కిపడి స్టీరింగ్‌ని ఎడమకి లాగేస్తాడు. చక్రాలు తారు అంచుని పట్టుకోగానే బండి విసురుగా ఎదుటి లైనులోకి దూకుతుంది. ఈసారి కుడికి ఇంకా గట్టిగా లాగుతాడు. వెనక భాగం తిరిగిపోతుంది, బండి అడ్డంగా జారుతూ మట్టిలోకి వెళ్తుంది. ఇంతా జరగడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఇందులో తాగుడు లేదు, పందెం లేదు, ఫోను కూడా లేదు. రెండుసార్లు ఎక్కువ తిప్పాడు, అంతే.

ఆ రెండు మూడు సెకన్ల కోసమే ఈఎస్‌సీ పుట్టింది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. బాష్ కంపెనీ, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1995లో ఖరీదైన ఎస్ క్లాస్ కారులో మొదటిసారి పెట్టాయి. బహుశా అది ధనవంతుల కార్లలోనే చాలాకాలం ఉండిపోయేది. 1997 అక్టోబరులో టెక్నికెన్స్ వార్ల్డ్ అనే స్వీడన్ పత్రిక మెర్సిడెస్ కొత్త చిన్న కారు ఎ క్లాస్‌కి, రోడ్డుకి అడ్డొచ్చిన దుప్పిని తప్పించినట్టుగా మలుపు పరీక్ష పెట్టింది. కారు తలకిందులైంది. ఎత్తుగా, ఇరుకుగా ఉండే ఆకారం దానిది. ఎస్‌యూవీ జబ్బే దానికీ ఉందన్నమాట. పరువు పోయిన కంపెనీ అమ్మకాలు ఆపి, ప్రతి ఎ క్లాస్‌లోనూ ఈఎస్‌సీని ఉచితంగా అమర్చింది. చవక కారులోనూ పెట్టొచ్చని అలా రుజువయ్యాక మిగతా కంపెనీలకి తప్పించుకునే దారి లేకపోయింది.

దాని పని ఇలా ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సార్ చెబుతుంది. బండి తన నిలువు అక్షం చుట్టూ నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకోటి చెబుతుంది. నాలుగు చక్రాల వేగాలూ, పక్కకి పడుతున్న బలమూ వేరే సెన్సార్లు చెబుతాయి. డ్రైవరు వెళ్లాలనుకున్న దారికీ బండి పోతున్న దారికీ తేడా ఉందా అని కంప్యూటర్ సెకనుకి పాతికసార్లు పోల్చి చూసుకుంటుంది. తేడా కనబడగానే ఏదో ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. వెనక భాగం బయటికి తిరిగిపోతుంటే బయటి వైపు ముందు చక్రానికి, బండి తిరగకుండా నేరుగా పోతుంటే లోపలి వైపు వెనక చక్రానికి. అవసరమైతే ఇంజన్ జోరు కూడా తగ్గిస్తుంది. ఒక్క చక్రాన్ని విడిగా పట్టుకోవడం ఎంత గొప్ప డ్రైవరుకీ సాధ్యం కాదు, మన కాలి కింద ఉన్న పెడల్ ఒక్కటే కదా. బండి అడ్డం తిరగకపోతే పక్కకి జారదు, పక్కకి జారకపోతే గట్టుకి తగిలి బోల్తా పడే ప్రశ్నే రాదు. నిలకడ అంకె మారలేదు, ఆ అంకె అవసరపడే పరిస్థితే అరుదైపోయింది.

ఫలితం చిన్నదేం కాదు. బీమా కంపెనీల సొమ్ముతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే పరిశోధన సంస్థ లెక్కల్లో, ఈఎస్‌సీ ఉంటే ఒంటరిగా జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు సగానికి పడిపోయింది. ఎస్‌యూవీల ప్రాణాంతక బోల్తాలైతే నాలుగింట మూడొంతులు తగ్గాయి. అమెరికా 2012 మోడల్ నుంచి అన్ని తేలికపాటి వాహనాలకీ దాన్ని తప్పనిసరి చేసింది. పల్టీల భయంతో ఎస్‌యూవీ వద్దనే పాత సలహాని మార్చుకుని, ఐఐహెచ్‌ఎస్ ఇప్పుడు పిల్లలకి సిఫారసు చేసే పాత వాహనాల జాబితాలో ఎస్‌యూవీలని కూడా చేరుస్తోంది. షరతు మాత్రం పెట్టింది: ఈఎస్‌సీ లేని బండి ఏదైనా సరే, జాబితాలోకి రాదు.

ప్లేనోలో ఉండే స్నేహితుడి కొడుకు ఆ మధ్య నాకు ఫోన్ చేశాడు. "అంకుల్, ఎలిమెంట్ కొంటానంటే నాన్న ఒప్పుకోవట్లేదు. మీరొక మాట చెప్పండి."

"ఏ సంవత్సరం మోడల్‌రా?"

"ఇయర్‌దేముంది అంకుల్? అన్నీ సేమే కదా. బాక్స్‌లానే ఉంటాయి."

అన్నీ ఒకటి కావు. ఎలిమెంట్ చరిత్ర కొంచెం చెప్పుకోవడం మంచిది, ఈ వ్యాసానికి కావలసిన పాఠమంతా ఆ ఒక్క బండిలోనే ఉంది. హోండా దాన్ని 2003 నుంచి 2011 మోడల్ దాకా ఒహాయోలోని ఈస్ట్ లిబర్టీ ఫ్యాక్టరీలో తయారు చేసింది. కాలేజీ కుర్రాళ్లని దృష్టిలో పెట్టుకుని, చక్రాల మీది హాస్టల్ గది అన్న ఊహతో గీసిన బండి. కార్పెట్ లేదు, నేలని గుడ్డతో తుడుచుకోవచ్చు. వెనక సీట్లు పక్కలకి మడిచి గోడకి తగిలించొచ్చు. తీరా అమ్మకానికి పెట్టాక కుర్రాళ్ల కన్నా వాళ్ల తల్లిదండ్రుల వయసువాళ్లే ఎక్కువ ముచ్చటపడ్డారు. కుక్కలున్నవాళ్లూ, తోటపని చేసుకునేవాళ్లూ కొన్నారు. ఇప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత అసలు ఉద్దేశించిన వయసువాళ్ల చేతికి వస్తోంది, సెకండ్‌హ్యాండ్‌లో.

వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, బీరువా తలుపుల్లాగ. ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య ఉండాల్సిన స్తంభం లేదు, ఆ బలమంతా వెనక తలుపు అంచులోనే దాచారు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, మొదటి మోడళ్లలో ముందు సీటు బెల్టుని కూడా ఆ వెనక తలుపుకే తగిలించారు. వెనకవాళ్లు దిగాలంటే ముందువాళ్లు బెల్టు విప్పాలి. 2007లో హోండా బెల్టుని సీటులోకి మార్చింది. కిటికీల మీదుగా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులూ, ఈఎస్‌సీ కూడా ఆ ఏడాదే అన్ని ఎలిమెంట్లకీ వచ్చాయి. 2006 బండి, 2007 బండి పక్కపక్కన నిలబెడితే తేడా పట్టడం కష్టం. ధరలోనూ పెద్ద అంతరం ఉండదు. పదహారేళ్లవాడి విషయంలో మాత్రం అవి రెండు వేర్వేరు బండ్లు. మొదటిది వద్దు, రెండోదానికి నా ఓటు.

ఓటు వేయడానికి ఇంకా కారణాలున్నాయి. ఎలిమెంట్ బరువు 1,600 కిలోల దగ్గర, ఇంజన్ బలం 166 హార్స్‌పవర్. ఆ బరువుకి ఆ ఇంజన్ పందేలకి పనికిరాదు, అదే దాని సుగుణం. ఐఐహెచ్‌ఎస్ సుమారు 1,250 కిలోల కన్నా తేలికైన కార్లని పిల్లలకి సిఫారసు చేయదు. ఎందుకో న్యూటన్ చెబుతాడు. 1,600 కిలోల బండి, 1,200 కిలోల కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కుపోయాయనుకుందాం. రెండూ కలిసి, బరువు బండి పోతున్న దిశలోనే 7 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. బరువు బండిలో ఉన్నవాళ్ల వేగం క్షణంలో 43 మేర మారుతుంది, తేలిక కారులో ఉన్నవాళ్లది 57 మేర. ఎముకలు విరిగేదీ మెదడు పుర్రెకి కొట్టుకునేదీ ఆ మార్పుని బట్టే.

అయితే మూడు టన్నుల బండి కొంటే ఇంకా మంచిదా అని అడుగుతారు కొందరు తండ్రులు. నాకు ఆ వాదన నచ్చదు. మన పిల్లవాడికి మిగిలిన ప్రతి కిలోమీటరు వేగమూ ఎదుటి కారులో ఉన్న పిల్లవాడి మీద పడుతుంది. పైగా అంత బరువుని ఆపడం కొత్త కాలికి కష్టం. మధ్యస్థంగా ఉన్నదే సరైనది.

ఎలిమెంట్‌లో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఏ భద్రతా పట్టికలోనూ రాయరు. అందులో నాలుగే సీట్లు. పిల్లల డ్రైవింగ్ మీద జరిగిన పరిశోధనలు తెలిసినవాళ్లకి ఇది లోపంలా అనిపించదు. రోడ్డు భద్రత మీద పరిశోధించే ఏఏఏ ఫౌండేషన్ 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పక్కన పెద్దవాళ్లెవరూ లేకుండా ఇరవై ఒకటి లోపు వయసువాళ్లు ఒక్కరున్నా పదహారు, పదిహేడేళ్ల డ్రైవరు చనిపోయే ముప్పు 44 శాతం పెరుగుతుంది. ఇద్దరుంటే రెట్టింపు, ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉంటే నాలుగు రెట్లు. అందుకే టెక్సస్‌లో ఈ వయసు డ్రైవర్లు ఇంటివాళ్లు కాని ఇరవై ఒకటి లోపువాళ్లని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారి అయిదు దాకా నడపకూడదు కూడా.

స్నేహితులు బండిలో ఉంటే ఏమవుతుంది? అల్లరి చేసి దృష్టి మరల్చడం ఒక్కటే కాదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం 2005లో డ్రైవింగ్ వీడియోగేమ్ ఆడించి చూసింది. ఒంటరిగా ఆడినప్పుడు పిల్లలూ పెద్దలూ అంత తేడాగా లేరు. పక్కన స్నేహితులు చూస్తుంటే పెద్దవాళ్ల ఆట మారలేదు, పిల్లలు మాత్రం బాగా తెగించారు. 2011లో అదే బృందం మెదడు స్కానింగ్‌తో మళ్లీ చేసింది. స్నేహితులు చూస్తున్నారని తెలియగానే కౌమారుల మెదడులో బహుమతి వస్తే ఉత్సాహపడే భాగాలు చురుకయ్యాయి. వాటికి పగ్గం వేయాల్సిన ముందరి మెదడు పూర్తిగా పక్వమయ్యేది ఇరవయ్యేళ్లు దాటాకే. వాడి బుద్ధి మంచిదే, వెనక సీటులో ప్రేక్షకులు ఎక్కువైనప్పుడే చిక్కంతా. ఏడు సీట్ల బండి కొనిస్తే ఏడుగురూ ఎక్కుతారు.

ఇక తండ్రుల రెండో భయం, విడిభాగాలు. దీన్ని కొట్టిపారేయలేం. ఇసుజు 2009లో అమెరికాలో సొంత వాహనాల మార్కెట్ వదిలేసింది. సుజుకి కార్లు 2012లో అదే బాట పట్టాయి. సాబ్ 2011లో దివాలా తీసింది. వెహిక్రాస్ అమెరికాలో మూడేళ్లలో నాలుగువేల పైచిలుకు అమ్ముడైంది, అంతే. దాని హెడ్‌లైటు పగిలితే దేశమంతా వెతకాలి. అయితే పేరు పోయినంత మాత్రాన ప్రతి బండీ అనాథ కాదు. సాబ్ 9-7ఎక్స్ లోపల ఉన్నది షెవర్లే ట్రెయిల్‌బ్లేజర్, కాబట్టి ఇంజన్ సామాను ఏ వీధి దుకాణంలోనైనా ఉంటుంది. ఎలిమెంట్ కింది భాగం హోండా సీఆర్‌వీ వంశానిదే, దాని 2.4 లీటర్ల ఇంజన్ కుటుంబం ఆ కాలపు అకార్డుల్లోనూ ఉంది. పైకి వింతగా, లోపల మామూలుగా ఉన్నదే పిల్లవాడికి తగిన వింత బండి.

ఒక్కో బండికి ఒక్కో రహస్య వ్యాధి ఉంటుంది, దాన్ని పేరు పెట్టి వెతకాలి. 2005 నుంచి 2010 దాకా వచ్చిన ఆటోమేటిక్ ఎక్స్‌టెర్రాల్లో గేర్‌బాక్స్ నూనెని చల్లబరిచే గొట్టం రేడియేటర్‌లోనే ఉంటుంది. లోపల పగులు వస్తే రేడియేటర్ నీళ్లు గేర్‌బాక్స్‌లోకి చేరతాయి. నూనె, నీళ్లు కలిసి రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగు వస్తుంది. గేర్‌బాక్స్‌లో పట్టు ఇచ్చే పలకల పూత ఊడిపోతుంది, ఆ ఖర్చు ఒక్కోసారి బండి ఖరీదుకి దగ్గరగా ఉంటుంది. రేడియేటర్ మార్చారో లేదో రసీదు అడిగి చూడాలి.

టకాటా ఎయిర్‌బ్యాగుల కథ ఇంకా భయంకరం. గాలిబుడగని క్షణంలో నింపడానికి ఆ కంపెనీ అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడీ తేమా తగిలితే ఆ మందు బిళ్లలు పగుళ్లిచ్చి పొడిగా మారతాయి. పొడికి ఉపరితలం ఎక్కువ, కాబట్టి ఉండాల్సిన దాని కన్నా వేగంగా మండి, ఉక్కు డబ్బానే పేల్చేసి ముక్కల్ని మొహం మీదికి విసురుతుంది. అమెరికాలో పాతికమందికి పైగా చనిపోయారు, సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిపించారు. ఎలిమెంట్లూ అందులో ఉన్నాయి. 2002 సీఆర్‌వీ, 2003 పైలట్ లాంటి కొన్ని పాత హోండాల్లో అమర్చిన రకమైతే ప్రయోగశాల పరీక్షల్లో యాభై శాతం దాకా పేలే అవకాశం కనబడిందని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2016లో హెచ్చరించింది. బండి పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్యని ఆ సంస్థ వెబ్‌సైట్లో కొడితే మరమ్మతు జరిగిందో లేదో తెలుస్తుంది. జరగకపోతే డీలరు ఉచితంగా చేయాలి. గాల్వెస్టన్, హ్యూస్టన్, ఫ్లోరిడా లాంటి ఉక్క ప్రాంతాల్లో తిరిగిన బండైతే ఇది చూడకుండా తాళంచెవి తీసుకోవద్దు.

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ బండ్లకి ఉక్క బెడద తక్కువ, ఉప్పు బెడద ఎక్కువ. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు చట్రాన్ని తినేస్తుంది. విశాఖలో సముద్రం ఒడ్డున కాపురమున్నవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1998 నుంచి 2002 దాకా వచ్చిన ఇసుజు రోడియో, దాని మారుపేరైన హోండా పాస్‌పోర్ట్ చట్రాల తుప్పు కారణంగా 2010లో రీకాల్ అయ్యాయి. బండిని లిఫ్ట్ మీద పెట్టించి కింద సుత్తితో తట్టి చూడమని మెకానిక్‌కి చెప్పాలి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనొద్దు.

టైర్ల గురించి ఎవరూ అడగరు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకి వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి వందలమంది చనిపోయారు, 2000లో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించారు. ప్రమాదాలు ఎక్కువ జరిగింది టెక్సస్, ఫ్లోరిడా, ఆరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లో. గాలి తక్కువున్న టైరు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, వేడికి లోపలి ఉక్కు తీగల పొరలు విడిపోతాయి. ఆ దుర్ఘటన తర్వాత వచ్చిన చట్టం వల్లే 2008 మోడళ్ల నుంచి గాలి తగ్గితే హెచ్చరించే దీపం ప్రతి బండిలోనూ ఉంటుంది. రబ్బరు నిలబెట్టినా ముసలిదవుతుంది. టైరు పక్కన అచ్చేసిన కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2314 అంటే 2014లో ఇరవై మూడో వారం. గీతలు లోతుగా, కొత్తగా మెరుస్తున్నా పదేళ్ల టైరు పదేళ్ల టైరే. బేరంలో నాలుగు కొత్త టైర్ల డబ్బు పక్కన పెట్టుకోవాలి, ఈఎస్‌సీ ఎంత తెలివైనదైనా చివరికి పట్టుకోవాల్సింది ఆ రబ్బరే.

హైదరాబాద్‌లో, విజయవాడలో ఇది చదివేవాళ్లకి రెండు మాటలు. మన చట్టంలో కారు లైసెన్సుకి పద్దెనిమిది నిండాలి. అంతకన్నా చిన్నవాడు నేరం చేస్తే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన కొడుక్కి పాత స్కార్పియో ఇప్పిద్దామనుకునే నాన్నలు మాత్రం పై లెక్కలన్నీ చూసుకోవాలి. పదేళ్ల కిందటి మన ఎస్‌యూవీల్లో చాలావాటికి ఈఎస్‌సీ లేదు, ఉన్నా పై వేరియంట్లకే. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలతో కొత్త బండ్లలో పరిస్థితి మారుతోంది. సెకండ్‌హ్యాండ్ బజారుకి ఆ మార్పు చేరడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

బండి దగ్గరికి వెళ్లాక ఒక్క పని చేయండి, దానికి మెకానిక్ అక్కర్లేదు. తాళంచెవి తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ల వైపు చూడండి. వెనక మెలికల గీతలతో జారుతున్న కారు బొమ్మగానో, అక్షరాలతోనో పసుపు దీపమొకటి వెలగాలి, ఇంజన్ స్టార్టయిన కాసేపటికి ఆరిపోవాలి. అది ఆరకపోతే ఈఎస్‌సీ పనిచేయడం లేదని. అసలు వెలగకపోతే ఆ బండిలో అది లేదని, లేదా దీపాన్ని ఎవరో తీసేశారని. అడిగితే అమ్మేవాళ్లు నవ్వి, "అబ్బే, ఏదో సెన్సార్ ప్రాబ్లమ్, అంతే" అంటారు. నిజమే చెబుతున్నారు. ఆ వ్యవస్థలో సగం సెన్సార్లే కదా. బాగుచేయించి చూపించమనండి, లేదా పక్క వీధిలో ఉన్న ఇంకో బండి చూడండి.